అడిగినందుకే పోయిందన్నారు

కల్వకుర్తిలో మా ఇంటి ముందరి గదిలో నాలుగు మిషన్లు వేసుకుని ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్నాను. రిటైరైనా చేతులు ఊరుకోవు. నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు మొదటి వారంలోనే రెండు సంగతులు అడుగుతారు. మిషను ముందు కూర్చోగానే బల్లను రెండుసార్లు ఎందుకు తట్టాలి అన్నది ఒకటి. నల్లగొండ నుంచి నన్ను చూడటానికి వచ్చే ఆడవాళ్లు నన్ను ‘ఇప్పుడక్క’ అని ఎందుకు పిలుస్తారు అన్నది రెండోది. రేపోమాపో మీరంతా ఏదో ఒక షెడ్డులోనో ఆఫీసులోనో పనికి చేరేవాళ్లే కాబట్టి, రెండింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పేరు సంగతి ముందు చెబుతాను. కుట్టు బాగా లేకపోతే నా నోట వచ్చే మాట ఒక్కటే, "ఇప్పు" అని. అంటే కుట్టింది విప్పేసి మళ్లీ కుట్టాలి. పోవడాన్ని పోవుడు అన్నట్టే ఇప్పడాన్ని మా దిక్కు ఇప్పుడు అంటారు. అట్లా నేను ఇప్పుడక్కనయ్యాను. అప్పట్లో నేను పనిచేసిన షెడ్డులో మేనేజరు గుంటూరు వైపు మనిషి. నేను ప్రతి పనినీ ఇప్పుడే కావాలని తొందరపెడతానేమో, అందుకే ఆ పేరు వచ్చిందేమో అనుకుని చాలా రోజులు నన్ను మెచ్చుకున్నాడు. అసలు సంగతి తెలిశాక మెచ్చుకోవడం మానేశాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మొదలైంది ఆ షెడ్డు. నల్లగొండ దగ్గర పానగల్ దాటి కొంత దూరం పోతే రోడ్డు పక్కన ఉండేది. అక్కడ గ్లౌజులు కుట్టేవాళ్లం. చలి దేశాల్లో ఇనుము పని చేసేవాళ్లు, కట్టె కోసేవాళ్లు వేసుకునే దొడ్డు తోలు గ్లౌజులు. ఎండాకాలంలో రేకుల కింద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, మంచులో తిరిగేవాళ్ల చేతులు వెచ్చగా ఉండటానికి కుట్టేవాళ్లం. మాలో ఎవరమూ ఒక్కరోజు కూడా వాటిని వేసుకుని ఎరుగం. మొదట్లో అది తలచుకుని నవ్వుకునేవాళ్లం, తర్వాత అలవాటైపోయింది.

గ్లౌజులో నాలుగు వేళ్లు కుట్టడం ఎవరికైనా వస్తుంది. బొటనవేలు మాత్రం సతాయిస్తుంది. అది పక్క నుంచి వచ్చి అరచేతిలోకి తిరుగుతుంది. తోలును కొంచెం ఎక్కువ లాగితే వేలు పట్టదు, కొంచెం వదిలితే ముడత పడుతుంది. అందుకే బొటనవేలు కుట్టేవాళ్లకు ఒక లైను విడిగా ఉండేది. ఆ లైను నాది. కొత్తవాళ్లకు నేర్పేదీ నేనే, తిట్టేదీ నేనే.

నాకు నేర్పింది మాత్రం ఒక పరదేశం ఆమె. కంపెనీవాళ్లు మొదట్లో ఆమెను పంపారు. తల నెరిసిన మనిషి, లావుపాటి వేళ్లు, మా ఎండకు ముఖమంతా కందిపోయేది. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. మధ్యలో నా ఇంటర్మీడియట్ ఇంగ్లిషు ఒకటి. ఆమె మిషను ముందు కూర్చోగానే వేళ్ల కణుపులతో చెక్కబల్లను టక్ టక్ అని రెండుసార్లు తట్టేది. ఆ తర్వాతే సూది దించేది. పై దేశపు మిషను కదా, తడితేనే లోపల ఏదో సర్దుకుంటుందేమో అనుకున్నాం. అందరమూ తట్టడం మొదలుపెట్టాం. ఎవరైనా మెల్లగా తడితే "గట్టిగ తట్టు" అని నేను కోప్పడేదాన్ని కూడా. చెడు జరగకూడదని చెక్కను తట్టడం వాళ్లకొక నమ్మకమని, మనం దిష్టి తీసుకుంటామే అలాంటిదేనని, చాలా ఏళ్ల తర్వాత టీవీ చూస్తుంటే తెలిసింది. అప్పటికి మా షెడ్డులో తట్టనివాళ్లు లేరు.

మా వాళ్లు దానికి ఇంకొకటి కలిపారు. మాలో సగంమంది చేనేత ఇళ్ల ఆడవాళ్లు. మగ్గంలో కూర్చునే ముందు దాన్ని ముట్టి కళ్లకద్దుకోవడం వాళ్లకు చిన్నప్పటి అలవాటు. మిషనుకూ అదే చేశారు. వాళ్లను చూసి మిగతావాళ్లూ పట్టుకున్నారు. రెండు తట్లు, ముట్టి కళ్లకద్దుకోవడం, ఆ తర్వాత కాలు పెడలు మీదికి. ఇదీ మా పని మొదలయ్యే పద్ధతి.

పరదేశం ఆమె వెళ్లిపోయే రోజు మాలో ఒకరు అడిగారు. "మేడం, ఇప్పుడు మీ ఊర్లె ఎవలు కుడుతున్నరు?"

నేను ఇంగ్లిషులో అడిగాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే, ఎవరూ లేరంది. ఈ మిషన్లు అక్కడివేనని, ఆ మొదటి బల్ల తనదేనని చెప్పింది. నేను ఆ మాట తెలుగులో చెప్పాను.

"అగో, మరి ఆమెకు పని?" అన్నారు మా వాళ్లు.

ఆ మాట ఆమెను అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆమె మాత్రం పోయేముందు నా చేతులు రెండూ పట్టుకుని, బొటనవేళ్లు నిమిరి వెళ్లింది.

ఆ మొదటి బల్ల దగ్గర తర్వాత కూర్చున్నది మగ్గాలింటామె. మేం అట్లాగే పిలిచేవాళ్లం. భర్త ఇంట్లో మగ్గం నేస్తాడు. చీర అమ్ముడుపోతే పోయినట్టు, లేకపోతే లేదు. ఇల్లు గడిచేది ఈమె జీతంతోనే. మాట తక్కువ మనిషి. కానీ ఏదైనా సమంగా లేకపోతే చూస్తూ ఊరుకోలేదు. మధ్యాహ్నం మామిడికాయ తొక్కు డబ్బా మూత తీస్తే లైను చివరిదాకా పోవాల్సిందే, మధ్యలో ఎవరూ రెండోసారి వేసుకోకూడదు. కొత్తలో ఒకసారి నేను ఆమెతో ఇప్పు అన్నాను. మళ్లీ అనే అవకాశం ఇవ్వలేదు.

ఒక ఏడు బతుకమ్మ రోజుల్లో మేనేజరు ఫోను పట్టుకుని లైనులోకి వచ్చాడు. "పైవాళ్లు వీడియో అడిగారండి. అందరూ పండగ కళతో ఉన్నారు, ఇవాళే తీసేద్దాం" అన్నాడు. కంపెనీ గొప్ప చెప్పుకోవడానికేమో అనుకున్నాం. అందరి తలల్లో బంతిపూలే. దారాలు కత్తిరించే లైనులో ఒక పెద్దామె ఉండేది. గొంతు పెద్దది, మనిషి పెద్దది, బతుకమ్మ పాట ఎత్తుకుంటే షెడ్డు రేకులు అదిరేవి. పేర్చగా మిగిలిన తంగేడు రెమ్మ ఒకటి కొప్పులో గుచ్చుకుని వచ్చింది ఆ రోజు. మేనేజరు ప్రతి చేతినీ దగ్గరగా తీశాడు. తట్టడం, కళ్లకద్దుకోవడం, తోలు తిప్పడం, అంతా. మేం గాజులు సర్దుకుని మరీ కుట్టాం.

ఆ తర్వాత ఉగాది వచ్చి వెళ్లింది. ఎండలు ముదిరాయి. ఒకరోజు మేనేజరు మా లైను పక్క నుంచి పోతుంటే మగ్గాలింటామె లేచి నిలబడింది.

"సారూ, ఒక్క మాట అడుగుత. తోలు కోసేటోళ్లకు ఎక్వ జీతం, మాకు తక్వ జీతం ఎందుకు?"

తోలు కోసేవాళ్లంతా మగవాళ్లు. "వాళ్లది బరువు పనమ్మా" అన్నాడు మేనేజరు.

"బరువు మిషను మోస్తది గద సార్. ఆళ్లు హ్యాండిల్ గుంజుతరు, గంతే. బొటనేలు మేము తప్పు కుడితె ఆళ్లు కోసిన తోలంత చెత్తలకు పోతది. ఆళ్లకు తగ్గియ్యుమంటలేను. మాకు గుడ గంత ఇయ్యిండ్రి."

గొంతు పెంచలేదు. తొక్కు పంచేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది. ఆమె వెనక ఒక మిషను ఆగింది, తర్వాత ఇంకొకటి, చివరికి లైనంతా ఆగింది. నేను నడుమ నిలబడి ఉన్నాను. ఆపమని నేను చెప్పలేదు, నడపమనీ చెప్పలేదు. మేనేజరు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకుని, "పైవాళ్లతో మాట్లాడతానమ్మా" అన్నాడు.

ఆయన మాట్లాడాడు, వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచే ఇస్తామన్నారు. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ తలా ఒక ముద్ద తీసి మగ్గాలింటామె డబ్బాలో పెట్టారు. పెద్దామె అయితే తినిపించింది కూడా. ఇంత తేలిగ్గా ఎట్లా ఒప్పుకున్నారని ఎవరమూ అనుకోలేదు. బేరమాడకుండా ఒప్పుకునేవాళ్లను చూసి అనుమానపడాలని నాకు అప్పటికి తెలియదు.

వానలు పడ్డాక మమ్మల్నందర్నీ షెడ్డు ముందు నిలబెట్టి మేనేజరు సంగతి చెప్పాడు. పని వేరే దేశానికి పోతోందన్నాడు. మిషన్లు కూడా అక్కడికే పంపుతారన్నాడు. "ఇక్కడ కూలీ ఖర్చు పెరిగిందని, గొడవలవుతున్నాయని పైవాళ్లు అంటున్నారండి. నేనేం చేసేది" అన్నాడు.

గొడవలన్న మాట దగ్గర అందరి తలలూ ఒక్కవైపే తిరిగాయి.

పెద్దామె అంది, "ఊకె కూసుండలేకపోతివి గదనే. నువ్వు అడగవడితివి, ఆళ్లు ఎత్తుకొని పోవడిరి. అందరి కంచాలు బోర్లేస్తివి."

మగ్గాలింటామె లోపలికి పోయి తన బల్ల ముందు కూర్చుంది. మర్నాటి నుంచి ఊరి ఆటోలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇరుక్కుని కూర్చున్నారు, నిలబడ్డారు, డ్రైవరు పక్కన వేలాడారు, కానీ ఆమె పక్క జాగా మాత్రం ఖాళీగానే పోయింది. తొక్కు డబ్బా తెచ్చేది. లైనులోకి పంపితే ఎవరూ ముట్టకుండా తిరిగి వచ్చేది. నేను రెండు రోజులు వేసుకుని తిన్నాను. నా ఒక్కదాని కోసం తెస్తున్నానని తెలిసి ఆమే మానేసింది.

పెరిగిన జీతం మీదే లెక్క కట్టి అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చి షెడ్డు మూశారు. ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. కొందరు పత్తి ఏరడానికి పోయారు. ఒకామె నల్లగొండలో బట్టల దుకాణంలో చేరింది, ఇంకొకామె హాస్టల్లో వంటకు కుదిరింది. ఇద్దరు హైదరాబాద్ పోయి కిరాయి కట్టలేక తిరిగొచ్చారు. చాలామంది ఇంట్లోనే ఉండి, ఎక్కడన్నా పనుందా అక్కా అని నాకు ఫోన్లు చేసేవారు. చేతిలో పని పోయిన మనిషికి కోపం తీర్చుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. పైవాళ్లు ఎట్లా ఉంటారో మేమెవరమూ చూడలేదు. మగ్గాలింటామెనైతే రోజూ చూస్తాం.

ఒకరోజు ఆమె భర్త ఫోన్ చేశాడు. "అక్కా, ఇంటిది తిండి తింటలేదు, మాట్లాడతలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంట కూసుంటది. అందరి పని నేనే పోగొట్టిన అంటది. బయట నీళ్లు పట్టనీకి గుడ పోతలేదు. జర నువ్వొచ్చి చెప్పక్కా, నీ మాట ఇంటది."

వస్తానన్నాను. కానీ ఏం చెప్పాలో తెలియలేదు. నువ్వు పోగొట్టలేదని చెప్పడానికి నాకూ నమ్మకం ఉండాలి కదా. అడగకపోతే ఇంకొన్నాళ్లు నడిచేదేమో అన్న అనుమానం నా మనసులోనూ ఒక మూల ఉండేది. అందుకే పోకుండా వాయిదా వేస్తూ వచ్చాను.

నాకు మాత్రం అప్పటికింకా పని ఉంది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషిని. మిషన్లు ఎక్కించేదాకా ఉండి, కొత్త దేశంవాళ్లకు ఫోన్లో బొటనవేలు నేర్పమన్నాడు మేనేజరు. ఆ దేశం ఆఫ్రికాలో ఉంది. పేరు పలకడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. మా వాళ్లు నన్ను వదల్లేదు. "ఏందక్కా, మా కుర్చీలల్ల కూసుండనీకి మనుషుల్ని నువ్వే తయారు చేస్తున్నవట?" అన్నారు. నేను నేర్పకపోయినా వాళ్లు నేర్చుకునేవాళ్లే, కాకపోతే సూది కింద వేలు పెట్టుకుని నేర్చుకునేవాళ్లు. నా బొటనవేళ్లు నిమిరి వెళ్లిన ఆమె నా మీద కోపం పెట్టుకుని నేర్పలేదు కదా అని కూడా అనిపించింది.

మేనేజరు గదిలో ఫోను నిలబెట్టుకుని కూర్చున్నాను. అటువైపు ఒక చిన్న వయసు పిల్ల, సూపర్‌వైజరట. నాకన్నా మంచి ఇంగ్లిషు. జుట్టు సన్నసన్న జడలుగా అల్లుకుంది. ఆమె వెనక మిషన్ల ముందు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మొదట కొన్ని కొత్త మిషన్లు పెట్టి నేర్పుతున్నారని, మావి చేరాక పని పెరుగుతుందని చెప్పింది. మొదలుపెడదామా మేడం అంది. సరే అన్నాను.

అందరూ ఒక్కసారే బల్ల మీద రెండుసార్లు తట్టారు. మిషను ముట్టారు. కళ్లకద్దుకున్నారు.

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ పిల్ల కంగారుపడింది. "తప్పు చేశామా మేడం? ఇది మొదటి మెట్టు కదా? మీ వీడియోలో అందరూ చేశారు, అందుకే అలా రాసుకున్నాం" అంది. అది పనిలో భాగం కాదమ్మా అని చెప్పబోయాను. చెప్పబుద్ధి కాలేదు. చాలా బాగా చేశారు, ఇంకొంచెం గట్టిగా తట్టండి అన్నాను.

అట్లా చాలా రోజులు నేర్పాను. వాళ్లూ తోలును ఎక్కువ లాగారు, వాళ్లతోనూ ఇప్పించాను. ఇప్పు అన్న మాట అక్కడివాళ్లకు కూడా వచ్చేసింది. ఒకరోజు పాఠం అయ్యాక ఆ పిల్ల ఎప్పటి నుంచో అడగాలనుకున్నట్టు అడిగింది. "వీడియోలో మీవాళ్లు తలలో పసుపు పూలు పెట్టుకున్నారు. అవి కూడా పెట్టుకోవాలా?"

"లేదు తల్లీ. ఆ రోజు మాకు పూల పండుగ."

"మాకూ పండుగ రోజుల్లోనే మొదలైంది" అంది సంబరంగా. "మా మొదటి రోజు ఫొటో పంపుతాను, చూడండి."

ఫొటో వచ్చింది. కొత్త సున్నం వేసిన పెద్ద గది. బల్లల ముందు ఆడవాళ్లు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఎదురుగా గోడకు పెద్ద టీవీ, అందులో మా పెద్దామె, కొప్పులో తంగేడు రెమ్మతో సహా. టీవీ పైన రంగు కాగితాలతో చేసిన పెద్ద నక్షత్రం వేలాడుతోంది. బాగుంది అని రాసి పంపి, చేతులు కడుక్కుని అన్నం డబ్బా తెరిచాను.

అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాను. అది క్రిస్మస్ నక్షత్రం. ఈ ఏటి క్రిస్మస్ ఇంకా రానేలేదు, అంటే అది పోయినేటిది. క్రిస్మస్ తర్వాత కదా ఉగాది.

ఎంగిలి చేత్తోనే మళ్లీ ఫోను తీసి చూశాను. మగ్గాలింటామె లేచి నిలబడి అడిగిన రోజుకు ముందే, చాలా ముందే, వాళ్లు ఆ గదిలో కూర్చుని మా చేతులు చూసి నేర్చుకుంటున్నారు. మా పనిని అప్పటికే అక్కడికి పంపడం అయిపోయింది. ఆమె అడిగిన దానికి వాళ్లు బేరమాడకుండా ఎందుకు ఒప్పుకున్నారో కూడా అప్పుడు అర్థమైంది. నాలుగు నాళ్లకు పోయేవాళ్లకు బేరమెందుకు?

మేనేజరుకు ఫొటో చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "నాకూ చెప్పలేదండి" అన్నాడు. "వీడియో తీయమన్నారు, తీశాను. గొడవల వల్లే అని చెప్పమన్నారు, చెప్పాను. మిషన్లు వెళ్లిపోతే నా పనీ అంతేనండి." తర్వాత కుర్చీలో కూలబడి, "ఆవిడకి చెప్పండి అక్కా" అన్నాడు. ఆయన నన్ను అక్కా అనడం అదే మొదటిసారి.

ఆ మర్నాడే లారీలు వచ్చాయి. ఎవరూ పిలవలేదు, కానీ నేను పోయేసరికి మా వాళ్లంతా షెడ్డు ముందు ఉన్నారు. పత్తి చేలకు పోయినవాళ్లు పని మానుకుని వచ్చారు. పెద్దామె చేతిలో పళ్లెం, అందులో పసుపు, కుంకుమ. మిషన్లకు బొట్టు పెట్టి పంపుతారట. లారీ డ్రైవరు గొణుగుతున్నాడు, ఎవరూ పట్టించుకోవడం లేదు. అందరిలో ఒకామె మాత్రం లేదు. నేను ఇంకో ఆటో ఎక్కాను.

వాళ్ల ఇంట్లో మగ్గం ఆడుతోంది. ఆమె గోడవారగా రాట్నం ముందు కూర్చుని కండె చుడుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోయింది.

"లారీలొచ్చినయి. నడువు" అన్నాను.

"నేను రాను అక్కా. నన్ను చూస్తె ఆళ్లకు మండుతది."

"మండనియ్యి. నీ మిషనుకు నువ్వు బొట్టు పెట్టవా?"

"పోగొట్టిందే నేనాయె. ఏం మొఖం పెట్టుకొని పెడుత?"

"ఇప్పు" అన్నాను.

ఆమె అర్థం కాక నా ముఖంలోకి చూసింది. ఆమె భర్త మగ్గం ఆపాడు.

"గా మాట ఇప్పు. అది తప్పు కుట్టు" అన్నాను. "ఎవలు కుట్టిండ్రో నాకెరుక. నడువు, అందరి ముంగట చూపిస్త."

ఎన్నో ఏళ్ల తర్వాత నా నోట ఆమె విన్న రెండో ఇప్పు అది. రాట్నం పక్కకు జరిపి, చీర సర్దుకుని, చెప్పులేసుకుంది.

మా ఆటో ఆగేసరికి షెడ్డు ముందు మాటలు ఆగిపోయాయి. పెద్దామె పళ్లెం పట్టుకుని అటు తిరిగి నిలబడింది. నేను ఫోను తీసి ఆమె చేతిలోనే పెట్టాను.

"గోడ మీద టీవీల ఎవలున్నరో చూడు."

కళ్లు చికిలించి చూసింది. "నేనే గద. గిదేంది, తంగేడు రెమ్మ గుడ ఉంది."

"అది ఎప్పటిది?"

"బతుకమ్మ నాటిది. సారు తీసిండు."

"గా టీవీ మీద ఏలాడుతున్నదేంది?"

"చుక్క. కిరస్మసుకు కడతరు గదా, గది." అంటూనే ఆమె ఆగింది. ఫోను పక్కామెకు ఇవ్వకుండా గట్టిగా పట్టుకుంది.

"గీ పిల్లలు గా దేశంల మన పని నేర్చుకునుడు షురూ చేసిన రోజు అది" అన్నాను. "మరి గీమె సారును అడిగింది ఎప్పుడు?"

వెనక నుంచి ఒకామె మెల్లగా అంది, "ఉగాది ఎల్లినంక."

ఫోను చేతులు మారింది. చివరికి మగ్గాలింటామె దగ్గరికి వచ్చింది. ఆమె ఆ ఫొటోను వేలితో జరిపి జరిపి చూసింది. నక్షత్రం దగ్గర ఆపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, ఫోను నా చేతికి తిరిగిచ్చింది.

"అంటె ఈమె నోరు తెరవక ముందే మన పని పోయిందన్నట్టు" అంది పెద్దామె.

"పోయింది."

"మరి మనకెవలు చెప్పలేదేంది?"

"మనకెవలు చెప్తరు" అన్నాను.

పెద్దామె తప్పయిందని అనలేదు. అలాంటి మాటలు ఆమె నోటికి అలవాటు లేవు. నడిచి వచ్చి పళ్లెం మగ్గాలింటామె చేతుల్లో పెట్టింది. "నీ మిషన్ కాడికి పో. ముందుగాల నువ్వు పెట్టు, నీ ఎన్క మేము పెడుతం" అంది. వేలికి అంటిన కుంకుమ కొంగుకు తుడుచుకుని మళ్లీ అంది. "నువ్వు అడిగినందుకే పోయేటప్పుడు లెక్కల మనకు జర ఎక్వ వచ్చింది. తీసుకునేటప్పుడు గది గుడ నేను యాది చేసుకోలే."

మగ్గాలింటామె లారీ పక్కన దించిన తన బల్ల దగ్గరికి పోయింది. బొట్టు పెట్టింది. రెండుసార్లు తట్టింది, ముట్టి కళ్లకద్దుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు, ఇన్నాళ్లదీ కలిపి. పెద్దామె ఆమె తల తన భుజానికి అదుముకుని, "ఊకో, ఊకో" అంటూ తానూ ఏడ్చింది. డ్రైవరు బీడీ ముట్టించుకుని దూరంగా పోయి నిలబడ్డాడు.

అన్ని మిషన్లకూ బొట్లు పెట్టడం అయ్యాక మగ్గాలింటామె నా దగ్గరికి వచ్చింది. కళ్లు తుడుచుకుని అడిగింది.

"అక్కా, గా దేశం పిల్లకు ఇప్పుడు ఫోన్ కలుస్తదా?"

"కలుస్తది. ఎందుకు?"

"ఆళ్లు గుడ ఎన్నడో ఒకనాడు అడుగుతరు. అడగకుంట ఎట్లుంటరు? ఆళ్ల కాడ నుంచి గుడ పని ఎటో పోతది. అప్పుడు అడిగిన పిల్ల మీద ఏస్తరు. ఆమె పక్కన ఎవలు కూసోరు. అడిగినందుకు పని పోదని గా పిల్లకు ఇప్పుడే చెప్పు అక్కా."

"ఇప్పుడక్కను ఇప్పుడే చెప్పుమంటాంది" అంది పెద్దామె, ముక్కు చీదుకుంటూ. అందరూ నవ్వారు. షెడ్డు మూశాక మా వాళ్ల నవ్వు అదే మొదలు.

ఫోన్ కలిపాను. ఆ పిల్ల మిషన్ల మోత మధ్య నుంచి ఏంటి మేడం అంది. నా ఇంగ్లిషు కూడగట్టుకుని చెప్పాను. మీకు సమంగా రానిది ఉంటే అడగండి. అడిగినందుకు పని పోదు. పోయేది ఎట్లాగూ పోతుంది, ముందే నిర్ణయించుకుని పోతుంది. ఆ రోజు అడిగిన మనిషి పక్కన ఖాళీ ఉంచకండి, వెళ్లి కూర్చోండి. మగ్గాలింటామెకు ఇంగ్లిషు రాదు, అయినా నా పెదవుల వైపే చూస్తూ నేను ఒక మాట ఆపిన ప్రతిచోటా తల ఊపింది.

మోతలో వినబడిందో లేదో అనుకున్నాను. తర్వాత ఆ పిల్ల గొంతు, పాఠం చెప్పించుకునేటప్పటిలా జాగ్రత్తగా వచ్చింది.

"ఇది రెండో మెట్టా మేడం?"

నేను మా వాళ్ల వైపు చూశాను. ఆటో దగ్గర అప్పుడే మగ్గాలింటామెను మధ్యలో కూర్చోబెట్టుకుని అటొకరు ఇటొకరు సర్దుకుంటున్నారు.

"అవును తల్లీ" అన్నాను. "రాసుకో."